ఈక కట్టాలా, ప్లాస్టిక్ అతికించాలా

మా బండారులంక పేరు చెబితే ఎవరికైనా నేత చీరలు గుర్తొస్తాయి గానీ విల్లంబులు గుర్తురావు. నేనూ గుంటమగ్గం చప్పుడు వింటూ పెరిగినవాణ్నే. వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉద్యోగమొచ్చి రంపచోడవరం అవతల ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో వేస్తే, అక్కడి కొండరెడ్ల పిల్లల దగ్గరా, వాళ్ల తాతల దగ్గరా విల్లు పట్టడం తెలుసుకున్నాను. రిటైరయ్యాక ఊరికొచ్చి, కొబ్బరితోటలో గడ్డిమోపులు బిగించి కట్టి, వచ్చిన పిల్లలకు నేర్పుతున్నాను. బాణం తోకన ఏముండాలన్నది అందరూ అడిగేదే. దుకాణంలో రంగురంగుల ప్లాస్టిక్ రెక్కలు చూసి కొందరు, సినిమాల్లో ఈకల బాణాలు చూసి కొందరు, ముందే మనసులో ఒకటి ఖాయం చేసుకుని వస్తారు. నాకు తెలిసిందీ, తెలియక చెడగొట్టిందీ కూడా రాస్తున్నాను. ఓపికుంటే చదువు.

1. ఈక పని ఎగరెయ్యడం కాదు, వెనక్కి లాగడం.

నారి వదలగానే బాణం తిన్నగా పోతుందనుకుంటాం. పోదు. వెనక నుంచి నారి తోస్తుంది, ముందున్న ములుకు బరువు కదలనని మొండికేస్తుంది, మధ్యలో కర్ర వంగుతుంది. ఆ వంపుతోనే విల్లును తప్పించుకుని, కొన్ని గజాల దాకా పిల్లకాలవలో కొర్రమీను ఈదినట్టు అటూ ఇటూ కొట్టుకుంటూ పోతుంది. తోకనున్న మూడు ఈకలూ గాలిని పట్టి, వెనక భాగాన్ని వెనకే ఉంచుతాయి. కాస్త ఏటవాలుగా కడితే బాణాన్ని తిప్పుతాయి కూడా. ఆ తిరుగుడులో కర్రకుండే చిన్న చిన్న వంకరలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

గాలిని పట్టడంలో ఈక సత్తా ఎంతో చెప్పడానికి నేను దూరం వెళ్లక్కర్లేదు. మా పక్కనున్న అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2023లో జపాన్‌లో కొట్టిన బ్యాడ్మింటన్ స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు. గిన్నిస్ రికార్డు అది. అంత జోరుగా రాకెట్‌ను వదిలిన షటిల్ కూడా అవతలి కోర్టు చేరేసరికి చాలా వరకు చప్పబడిపోతుంది. ఐదు గ్రాములకు అటూ ఇటూ బరువు, చుట్టూ 16 ఈకలు, ఇక నిలవక ఏం చేస్తుంది? బాణానికి అంత లాగుడు అక్కర్లేదు, కొంచెం చాలు. ఎంత కొంచెం అన్నదగ్గరే ఈకకూ ప్లాస్టిక్‌కూ తగువంతా.

2. ముందు విల్లును చూడు, తర్వాత ఈక సంగతి అడుగు.

నన్ను ఇప్పటికీ వదలని తప్పు ఇక్కడే జరిగింది. ఒక పోటీకి ముందు పట్నం నుంచి ప్లాస్టిక్ రెక్కలు తెప్పించాను. మా పిల్లలకు మంచి సరుకు పెడుతున్నానన్న గర్వం. వెదురు బాణాలకున్న ఈకలు పీకేసి, వాటి స్థానంలో ఇవి అతికించాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, అప్పటిదాకా మా బళ్లో అందరికన్నా గురి గల పిల్ల, ఆమె బాణాలు పక్కకు తిరిగి గడ్డిలో అడ్డంగా గుచ్చుకోవడం మొదలెట్టాయి. వేళ్లు సరిగా వదలడం లేదని రోజూ గదమాయించాను. ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. చెప్పేంత చనువు నేనివ్వలేదు. సెలవుల తర్వాత మళ్లీ విల్లు ముట్టలేదు.

ఆమె వేళ్లలో ఏ దోషమూ లేదు. వెదురు విల్లుకు బాణం ఆనడానికి వేరే ఆసరా ఉండదు. బాణం పిడికిలి మీదుగా, విల్లు బద్దను ఒరుసుకుంటూ పోతుంది. ఈకైతే తగిలిన చోట అణిగి, దాటగానే లేస్తుంది. ప్లాస్టిక్ అణగదు. తగిలిందంటే బాణం తోకను పక్కకు తన్నేస్తుంది. పోటీల విల్లులో మధ్య పిడి దగ్గర బాణం దారికి చోటు కోసి ఉంటుంది, సన్నటి తీగలాంటి రెస్టు ఉంటుంది, రెక్కలు దేనికీ తగలకుండా పోయే వీలుంటుంది. అలాంటి విల్లు చేతిలో ఉంటే ప్లాస్టిక్‌కు భయపడక్కర్లేదు. విల్లు మారకుండా రెక్క మార్చడమే నేను చేసింది.

తగులుతోందో లేదో తేల్చుకోవడం తేలిక. ముఖానికి రాసుకునే పౌడరు బాణం తోకంతా దట్టంగా అద్దు. ఒక బాణం వేసి, తెచ్చి చూడు. రెక్క మీద ఎక్కడ పౌడరు చెరిగిందో అక్కడే తగిలింది. విల్లు బద్ద మీద కూడా తెల్లటి గీత కనిపిస్తుంది. చెరిగిన రెక్క విల్లు వైపుదైతే, బాణాన్ని నారిలో కాస్త తిప్పి పెట్టి మళ్లీ చూడు. మూడింటిలో రంగు వేరుగా ఉన్న ఈక విల్లు వైపు కాక బయటి వైపు చూడాలని పెద్దలు పెట్టిన నియమం ఊరికే పెట్టింది కాదు. అప్పుడు మిగిలిన రెండూ విల్లుకు పక్కగా జారిపోతాయి. ఈ పౌడరు పరీక్ష నాకు తెలిసేనాటికి ఆ పిల్ల బడి వదిలి వెళ్లిపోయింది.

3. ఒక బాణానికి ఒకే రెక్క ఈకలు.

పక్షి ఎడమ రెక్క ఈకకు ఒంపు ఒక వైపు, కుడి రెక్క ఈకకు రెండో వైపు. రెండూ కలిపి కడితే ఒకటి ఇటు తిప్పబోతుంది, మరొకటి అటు. బాణం ఏ మాటా వినదు. ఈక నునుపు వైపు పైకి, కొస అవతలికి పెట్టి పట్టుకో. సన్నటి అంచు కుడి పక్కనుంటే అది ఎడమ రెక్కది. కుడిచేతివాడికి ఇది, ఎడమచేతివాడికి అది అని వాదించేవాళ్లున్నారు. నా కంటికైతే తేడా ఆనలేదు. కలపకుండా ఉంటే చాలు.

1417లో ఇంగ్లండు రాజు ఐదో హెన్రీ, ప్రతి పెద్దబాతు నుంచి ఆరేసి రెక్క ఈకలు తీసి పంపమని తన అధికారులకు ఉత్తర్వు వేశాడు. లెక్క చూడు: ఒక రెక్కకు మూడు, అంటే ఒక బాతుకు రెండు బాణాలు. ఇప్పుడు లోకమంతా ఎక్కువగా వాడేది టర్కీ కోడి రెక్క ఈక. గట్టిగా, పొడవుగా ఉంటుంది. మా వైపు సంక్రాంతి వెళ్లాక కుర్రాళ్లు పందెంకోళ్ల ఈకలు పోగుచేసి తెస్తారు. మెత్తన, పొట్టి. చిన్న పిల్లల బాణాలకూ, దగ్గరి గురికీ సరిపోతాయి. చేలల్లో మేసే బాతుల మందల వెనక ఏరుకొచ్చినవి ఇంకా మెత్తన.

కట్టే పద్ధతి కొండల్లో చూశాను, దారం మాత్రం మా ఇంటిది. ఈకకుండే ఈనెను బ్లేడుతో నిలువునా చీల్చి, అడుగును గరుకు కాగితం మీద రుద్ది చదును చెయ్యాలి. ముందు కొసన వేలి గోరంత ఈనెను బోడిగా వదలాలి. గంజి పెట్టిన నూలుపోగును కాస్త తడిపి, ఆ బోడి కొస మీద దగ్గర దగ్గరగా నాలుగైదు చుట్లు బిగించి, ఆపైన ఒక్కో చుట్టునూ ఈక పోగుల మధ్య నుంచి పోనిస్తూ తోక దాకా తేవాలి. పోగులు విడదీయడానికి సూదిమొన చాలు. దారం దాటాక విడిపోయిన పోగులను బొటనవేలితో మొదలు నుంచి కొసకు దువ్వితే, చీలికే లేనట్టు మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పోగుల అంచులకు కంటికి కనిపించని కొక్కేలుంటాయి. ప్లాస్టిక్ చిరిగితే చిరిగిందే, ఈక ఇలా ఎన్నిసార్లయినా అతుక్కుంటుంది. గడ్డిమోపులోంచి బాణం ఆ చివరికి దూసుకుపోయినప్పుడు ఈ సంగతి బాగా తెలుస్తుంది. ఈకల బాణం దువ్వుకుంటే సరి. ప్లాస్టిక్‌దైతే ఒక్కోసారి మూడు రెక్కలూ గడ్డిలోనే ఉండిపోతాయి.

4. తడినేల మీద ఈకను నమ్ముకోకు.

గోదావరి పాయల మధ్య ఊళ్లు మావి. జ్యేష్ఠం దాటితే పెట్టెలో బట్టే మెత్తబడుతుంది. తడిసిన ఈక కర్రకు అంటుకుపోతుంది, గాలిని పట్టదు, బాణం తోక ఊపుకుంటూ పోతుంది. వానలో వెయ్యాలంటే ప్లాస్టిక్కే. ఒక్కసారి విదిలిస్తే నీరు పోతుంది. ఇందులో వాదన లేదు.

ఈకలు దాచుకోవడం కూడా పనే. పురుగు పడితే ఒక్క వర్షాకాలంలో ఈనె తప్ప మిగలదు. మా ఇంట్లో పట్టు చీరల పెట్టెలో వేసే ఎండు వేపాకూ, కర్పూరం బిళ్లలే వీటికీ వేస్తాను. నెలకోసారి ఎండ చూపించాలి. నలిగి, వాలిపోయిన ఈకను పారెయ్యకు. ఇడ్లీపాత్ర మూత తీసి, లేచే ఆవిరి మీద బాణం తోకను మెల్లగా తిప్పుతూ ఉండు. వంగిన పోగు కళ్ల ముందే లేచి నిలబడుతుంది. పిల్లలకు ఇది చూపిస్తే బాణం వెయ్యడం కన్నా దీన్నే ఎక్కువ ముచ్చటపడతారు. నలిగిన ప్లాస్టిక్ రెక్క కూడా వేడిగాలి తగిలితే చాలా వరకు తిన్నబడుతుంది, ఎక్కువ వేడి చేస్తే మాత్రం చుట్టుకుపోతుంది.

5. దూరం పెరిగేకొద్దీ ఈక అలిసిపోతుంది.

ఒకే కొలత తీసుకుంటే ఈక బరువు ప్లాస్టిక్ రెక్కలో మూడో వంతు ఉంటుందేమో. అందుకే ఈకల బాణం విల్లు దగ్గర చురుగ్గా బయల్దేరుతుంది, వంకర నడక తొందరగా సర్దుకుంటుంది. కానీ ఆ గరుకుదనమే గాలిలో దాన్ని ఆపుతూ పోతుంది. 20, 30 మీటర్లలో తేడా కంటికి ఆనదు. 70 మీటర్లకు వెళ్లేసరికి ఈకల బాణం కిందికి పడుతుంది, అడ్డగాలికి ఎక్కువ కొట్టుకుపోతుంది. ఒలింపిక్స్‌లో కొసలు ముందుకు వంగిన రికర్వ్ విల్లుకు దూరం ఆ 70 మీటర్లే. గురి పలక అడ్డుకొలత 122 సెంటీమీటర్లు, పది మార్కుల వలయం 12 సెంటీమీటర్ల చిల్లర. అక్కడ ఈకకు చోటు లేదు.

మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ లాంటి రికర్వ్ విలుకాళ్ల బాణాలు దగ్గర్నుంచి చూస్తే, తోకన పల్చటి రేకుల్లాంటివి చుట్ట తిరిగి ఉంటాయి. ప్లాస్టిక్కే, కానీ ఈకకున్న ఒంపును ప్లాస్టిక్‌లో పోతపోసినట్టుంటాయి. అంటించేది సన్నటి టేపుతో. దేనికైనా తగిలాయా, పీలికలే. కాంపౌండ్ విల్లుది వేరే లెక్క. అమెరికాలో హోలిస్ విల్బర్ ఆలెన్ 1966లో పేటెంటుకు పెట్టిన విల్లు అది, కొసల్లో చక్రాలుంటాయి. నారిని వేళ్లతో కాక రిలీజ్ అనే చిన్న పరికరంతో వదులుతారు. కర్ర పక్కకు వంగడం తగ్గిపోతుంది, కాబట్టి పొట్టి, గట్టి ప్లాస్టిక్ రెక్కలే చాలు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చిన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండే, పోటీ దూరం 50 మీటర్లు. ఇక నాలుగు గోడల మధ్య ఆడే 18 మీటర్ల పోటీకొచ్చేసరికి, లావుపాటి కర్రలకు పెద్ద ఈకలు కట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గాలి లేదు, వాన లేదు, దూరం లేదు. అక్కడ ఈక మళ్లీ రాజు.

మన్యంవాళ్లకు ఈ దూరం సంగతి పుస్తకాల్లో చదవాల్సిన పని లేదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి పట్టుకెళ్లింది తుపాకులనే. బాణం ఎంత దూరం దాకా బాణమో, బాణంతో బతికినవాడికే బాగా తెలుసు.

6. వేట మాట ఎత్తే ముందు చట్టం మాట ఎత్తు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట బాణం అనేది జ్ఞాపకంగానే మిగలాలి. నేను చూసిన పాపికొండలు 2008 నుంచి జాతీయ పార్కు. అయినా కుర్రాళ్లు అడుగుతూనే ఉంటారు. కొండల్లో ఒక ముసలాయన తన తండ్రి నాటి బాణాలు చూరులోంచి తీసి చూపించాడు. వెడల్పు ఇనుప ములుకున్న బాణానికి చేతి బెత్తెడు ఈకలు, పిట్టల కోసం మొద్దు కొస పెట్టిన బాణానికి అందులో సగం. ఎందుకని అడిగితే, ముందు పెద్దదైతే వెనకా పెద్దదుండాలి కదా అన్నాడు. ఆ మాటకు కారణం నాకు చాలా ఏళ్లకు బోధపడింది. వెడల్పు ములుకు కూడా గాలిని పడుతుంది. ముందో రెక్క మొలిచినట్టే. వెనక రెక్క దాన్ని మించకపోతే బాణాన్ని ములుకే తిప్పేస్తుంది.

విశాఖ మన్యంలో చైత్రమాసంలో ఇటుకల పండగకు మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి పోవడం ఆచారం. ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లేవాళ్లు. అడవిలో జంతువులు తగ్గి, చట్టం వచ్చాక కూడా ఆ నవ్వులాట మిగిలింది. ఉండనీ, దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

టెక్సస్‌లో ఉన్న మా చెల్లెలి మనవడు అక్కడి ప్రభుత్వ లైసెన్సుతో జింకల వేటకని కాంపౌండ్ విల్లు కొన్నాడు. "తాతయ్యా, ఈకలు పెట్టించుకోనా? చూడ్డానికి బావుంటాయి" అని ఫోనులో అడిగాడు. వేట నాకు గిట్టదని ముందే చెప్పాను, అడిగాడు గనుక తెలిసింది చెప్పక తప్పలేదు. నీ విల్లు రెస్టు బాణం కదలగానే కిందికి వాలిపోయే రకం, రెక్కకు తగిలేదేమీ లేదు. తెల్లవారుజామున మంచులో గంటలకొద్దీ కూర్చోవాలి. పైగా ఈక గాలిలో బుస్సుమంటుంది, జింక చెవి దాన్ని పట్టేస్తుంది. నీకు ప్లాస్టిక్కే నాయనా అన్నాను. కాకపోతే పోటీలకు వాడే పొట్టి రెక్కలు కాదు, పొడుగువి, ఏటవాలుగా అతికించినవి. సాధన కూడా అదే వెడల్పు ములుకుతో చెయ్యమన్నాను. మామూలు ములుకుతో గురి కుదిరిందని ఆఖరి రోజున ములుకు మారిస్తే, బాణం ఎక్కడికో పోయి జంతువు గాయంతో పారిపోతుంది. దానికన్నా పాపం లేదు.

నెమలి ఈకలు తెచ్చేవాళ్లకు ఒక మాట. నెమలి 1963 నుంచి జాతీయ పక్షి. కన్నులున్న పింఛం రాలిందే అయినా, బాణానికి పనికిరాదు, పోగులు విడివిడిగా వేలాడతాయి. పనికొచ్చేది రెక్క ఈక. రెక్క ఈకలు కట్టలుకట్టలుగా ఎవరైనా తెచ్చి ఇస్తున్నారంటే ఆ పక్షి ఏమైందో అడుగు, తీసుకోకు.

7. ఈక లేని బాణం అబద్ధమాడదు.

ఈక మంచి గుణమే దాని చెడ్డ గుణం. తప్పును మన్నిస్తుంది. కర్ర మరీ బిరుసైనా, మరీ మెత్తనైనా, వేళ్లు కాస్త తడబడినా, పెద్ద ఈకలు లాగి సర్దేస్తాయి. ప్లాస్టిక్ అంతగా సర్దదు, ఉన్నదున్నట్టు చూపిస్తుంది. పిల్లలను ఎన్నేళ్లో ఈకల నీడన ఉంచేశాను. బయటి పోటీలకు వెళ్లి వేరే విల్లు పట్టగానే వాళ్ల తప్పులన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. అందుకని ఇప్పుడు ఒక బాణానికి ఏమీ కట్టకుండా వదిలేస్తాను. కర్ర, ములుకు అంతే. 18 మీటర్ల నుంచి ఈకలున్నవి మూడు, అదొకటి వేయిస్తాను. కుడిచేతివాడి బోడి బాణం మిగతావాటికి ఎడమగా పడితే కర్ర బిరుసు, కుడిగా పడితే మెత్తన. వెదురులో ఒక కణుపు కర్ర ఇంకో కణుపులా ఉండదు గనుక, బాణాలను ఇలా జతలు చూసి ఏరుకోవాలి. ఈకా ప్లాస్టిక్కా అన్న ప్రశ్నకు దీని తర్వాతే అర్థం. కర్ర కుదరనివాడికి ఏది అతికించినా ఒకటే.

8. వేలితో తడమకుండా బాణం ఎక్కుపెట్టకు.

ఈక ముందు కొసన ఈనె లేచి ఉందంటే, బాణం పిడికిలి మీదుగా పోయేటప్పుడు అది చర్మంలోకి దిగుతుంది. అలా చేతిలో విరిగిన ముల్లును ఒక పిల్లాడికి సూదితో తీశాను, వాడు ఏడవలేదు గానీ నా చెయ్యే వణికింది. ముందు కొస మీద దారం చుట్టు తప్పనిసరి, పైన ఒక చుక్క జిగురు. ప్లాస్టిక్‌కైతే కర్రను ముందు స్పిరిట్‌తో తుడవాలి. మన చేతి నూనె మిగిలితే ఏ జిగురూ నిలవదు. ఫెవిక్విక్ సన్నగా ఒక్క గీత చాలు, ఎక్కువ పోస్తే ఆరదు, పక్కలకు పొంగి గట్టిపడి అదే విల్లుకు తగులుతుంది. కార్బన్ బాణమైతే ప్రతిసారీ రెండు కొసలూ పట్టి కొద్దిగా వంచి, చెవి దగ్గర పెట్టుకో. చిటుకుమన్న శబ్దమొస్తే అక్కడే విరిచి పారెయ్యి. దాచుకుంటే రేపు ఎవరో ఒకరు తెలియక నారికి పెడతారు.